ఆవపూవు రంగు చీర

నా పెళ్లి కుదిరిన ఏడు మా చేలో పత్తి సగమే చేతికొచ్చింది. కాయ పగిలే వేళకు ముసురు పట్టి, తెల్లగా విచ్చుకోవలసినది నల్లబడి కొమ్మకే ఎండిపోయింది. అప్పటికి మా జిల్లా ఆంధ్రప్రదేశ్‌లో కలిసి కొన్నేళ్లయింది. నయా పైసలు వచ్చినా మా మేనత్త మాత్రం ఇంకా అణాల్లోనే బేరమాడేది.

మా వైపు పెళ్లి చీర మగపెళ్లివారే తేవాలి. నాకు కుదిరిన సంబంధం ఇచ్చోడ దగ్గరి పల్లెలో. ఆ ఇంట్లో ఆడదిక్కు లేదు. అత్తగారు ఎన్నడో పోయింది, ఆడబిడ్డలు లేరు. ఒకరోజు మామ మా ఇంటికి వచ్చి, గడప అవతలే నిలబడి, బాపు చేతిలో ఒక రుమాలు మూట పెట్టాడు.

"చీరల సంగతి మాకేం ఎరుక బావా. పిల్లకు ఏది నచ్చితే అది మీరే తీస్కోండ్రి" అన్నాడు.

మూట విప్పి చూశాక పట్టుచీర మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

బాపు పత్తి అమ్మడానికి భైంసా పోయే రోజునే చీర కూడా తెచ్చుకుందామని అవ్వ, మేనత్త అనుకున్నారు. మా వైపు అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలుస్తాం. ఇంకా చీకటి ఉండగానే బండి కట్టాం. పత్తి కుక్కిన బోరాల మీద మేం ముగ్గురం ఒక్కటే గొంగడి కప్పుకొని కూర్చున్నాం. నల్లరేగడి దారి మీద మంచు ఎంత దట్టంగా ఉందంటే, ముందున్న ఎద్దుల కొమ్ములు కూడా కనిపించలేదు. మెడగంటల చప్పుడు మాత్రం మాకు ముందుగా పోతూ ఉంది. నేను భైంసా చూడటం అదే మొదటిసారి. చుట్టుపక్కల సంతలకు పోయాను కానీ, అంత దూరం నన్నెవరూ తీసుకుపోలేదు.

ఊరు రాకముందే గాలిలో పత్తి నూగు కనిపించింది. జిన్నింగు మిల్లుల్లోంచి లేచి అది వేపచెట్ల మీద, ఇళ్ల కప్పుల మీద, దారిన పోయేవాళ్ల కనుబొమల మీద పడుతూ ఉంది. ఎండ ఎక్కినా ఊరంతా ఒకే బూడిద తెలుపులో ఉంది. మిల్లు చప్పుడు ఎంత ఎడతెగకుండా ఉందంటే, కాసేపటికి అది వినిపించడమే మానేసింది. మనుషుల పెదవులు కదులుతున్నట్టు కనిపించేది కానీ మాట వినిపించేది కాదు.

బాపు మిల్లు దగ్గర వరుసలో బండి నిలిపి ఉండిపోయాడు. మేం ముగ్గురం బట్టల బజారు దారి పట్టాం. బజారు మొదట్లో ఒక ఇంటి అరుగు కింద ఒక ముసలామె పేలాలు, పుట్నాలు పెట్టుకొని కూర్చుంది. నన్ను చూసి నవ్వింది.

"మల్ల వచ్చినవా బిడ్డా? జరం తగ్గిందా?"

వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు.

"నిన్నే బిడ్డా. ఆ దినం గీ అరుగు మీదనే ఒరిగితివి గద. నేనే నీళ్లు తాపితి. ఒళ్లు పెనం లెక్క కాలబట్టె."

"మా పిల్ల గీ ఊరు తొక్కుడు ఇదే మొదలు" అంది అవ్వ.

ముసలామె అవ్వను పట్టించుకోలేదు. గుప్పెడు పుట్నాలు తీసి నా కొంగులో పోసింది. "తిను. జరం వచ్చి పోయిన నోటికి మంచిగుంటయ్" అంది.

మేనత్త నవ్వేసింది. "మనిషిని పోలిన మనుషులు ఏడుగురుంటరట. కండ్లు మసకలు పడ్డట్టున్నయ్, పోదాం పా" అంది. నాలుగడుగులు వేశాక ఒక పుట్నాల గింజ నోట్లో వేసుకున్నాను. నాకు జ్వరమేమీ లేదు. అయినా నోరంతా చేదుగా అయింది. మిగిలినవి కొంగులోనే ఉంచుకున్నాను, పారేయడానికి చెయ్యి రాలేదు.

మొదట ఎక్కిన దుకాణాల్లో మాకు అందే ధరకు చూపించిన చీరలు పెళ్లికి కట్టేవి కావు. పొలానికి కట్టుకుపోయేవి. మేనత్త ఒక్కొక్క చీర అంచును గోటితో గీరి, వెలుతురుకు పట్టి చూసి, పక్కన పడేసేది. అవ్వ ఖరీదైన చీరలున్న అర వైపు ఒకసారి చూసి కళ్లు దించుకునేది. ఆ చూపును నేను చూడనట్టే ఉన్నాను. మధ్యాహ్నమయ్యేసరికి బజారు చివరికి వచ్చాం. అక్కడ ఒక చిన్న దుకాణం ఉంది. దాని ముందటి అరుగు మీద గడ్డం నెరిసిన ముస్లిం దర్జీ మిషను కుడుతున్నాడు. నన్ను చూడగానే మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపాడు.

లోపల దుకాణదారు కూడా నన్ను చూశాడు. ఏం కావాలని అడగలేదు.

"ఇన్ని దినాలకు వచ్చిండ్రా!" అంటూ లేచి, పై అరలోంచి పాత గుడ్డలో చుట్టిన మూట ఒకటి దించాడు. "ఎలుకలు కొరుకుతయేమోనని ఒకటే ఫికర్ నాకు. దీపావళికి ముందుగాల్నే తీస్కపోతమంటిరి. ఏమైంది, ముహూర్తం ఎనకకు జరిగిందా?"

మేం ముగ్గురం కిందే నిలబడిపోయాం.

"ఎవలనుకుంటున్నవ్ సేటూ?" అంది మేనత్త. "మేం నీ దుకానం ఎక్కనే లేదు."

ఆయన అవ్వ ముఖం చూశాడు. మేనత్త ముఖం చూశాడు. మళ్లీ నన్ను చూశాడు.

"నిజమే. ఆ దినం వచ్చిన అవ్వ నువ్వు కాదు" అన్నాడు అవ్వతో, మెల్లగా. "కని పిల్ల... పిల్ల ఈమెనే గద?"

"కాదు" అన్నాను నేను. నా మాటే నాకు అబద్ధంలా వినిపించింది.

అప్పుడు ఆయన చెప్పాడు. దసరా పోయిన కొద్దిరోజులకు ఒక తల్లీ కూతురూ వచ్చారు. చాలాసేపు చూసి చూసి పిల్ల ఒక చీర పట్టుకుంది. తల్లి దగ్గర సగానికి పైగా డబ్బు ఉంటే కట్టింది, మిగతాది తెచ్చి తీసుకుపోతామంది. ఆ రోజే పిల్ల ఒళ్లు బాగా లేనట్టుంది. మళ్లీ రాలేదు. ఏ ఊరో తను అడగలేదు. వాగు అవతలి పల్లె అని మాత్రం గుర్తు.

"ఇన్ని దినాలు చూసి, పోనీ అమ్ముదామని ఇద్దరు ముగ్గురికి చూపెట్టిన. చేతిల వట్టుకుంటరు, మంచిగున్నదంటరు, కింద పెట్టి లేచి పోతరు. ఎందుకో ఎరుకలేదు. మీకు నచ్చితే మిగిలిన పైసలిచ్చి తీస్కపోండ్రి. అరల పెట్టుకుంటే నాకు మంచిగనిపిస్తలేదు."

మూట విప్పాడు. ఆవపూవు రంగు చీర. మామిడి చిగురులాంటి ఎర్రని అంచు, అందులో సన్నని జరీ. పట్టు కాదు, నూలే. కానీ నేత గట్టిగా, చల్లగా ఉంది. పొద్దుటి నుంచి చూసిన ఏ చీరా నాకు కావాలనిపించలేదు. ఇది మాత్రం చూడకముందే నాకు తెలుసన్నట్టు అనిపించింది. నా చెయ్యి నేరుగా కొంగు దగ్గరి మడతలోకి పోయింది. అక్కడ ఒక దారపు పోగు ముడి వేసి ఉంది.

"పిల్లనే వేసింది గా ముడి" అన్నాడు దుకాణదారు. "వేరేటోళ్లకు ఇయ్యకుండా గుర్తట."

అవ్వ నా చెయ్యి పట్టి లాగింది. "వద్దు, పోదాం."

"ఎవలో రాకపోతే చీర ఏం పాపం చేసింది?" అంది మేనత్త. "మనకున్న పైసలకు గిసొంటిది ఏడ దొరుకుతది? నువ్వే చెప్పు."

"నాకు ఇదే కావాలె" అన్నాను.

పెద్దవాళ్ల మధ్య నేను అలా మాట్లాడటం అవ్వ ఎన్నడూ వినలేదు. ఆమె నా చెయ్యి వదిలేసింది. ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను. భయం లేక కాదు. ఆ పోగు ముడి మీది నుంచి నా వేళ్లు తీయాలంటే మనసు రాలేదు, అంతే.

చీర తీసుకొని అరుగు దిగబోతుంటే దర్జీ లేచి నిలబడ్డాడు. ఆయన చేతిలో ఎర్రని రైక ఉంది, కుట్టి, మడిచి.

"అమ్మా, ఇది గూడ తీస్కపోండ్రి" అన్నాడు అవ్వతో. "ఆ చీర మీదికే కుట్టిన. గా దినమే కొలతలు ఇచ్చి పోయిండ్రు."

"మా కొలతలు వేరే" అంది అవ్వ.

"జర ఒక్కసారి తొడిగి చూడనియ్యమ్మా. ఇన్ని దినాలాయె, ఏం చేయాల్నో సమజ్ అయితలేదు."

దుకాణం వెనక గదిలో మేనత్త అడ్డం నిలబడితే తొడుక్కున్నాను. ఎక్కడా బిగుతు లేదు, ఎక్కడా వదులు లేదు. చిన్నప్పుడు మోట బావి దగ్గర జారిపడి నా ఎడమ భుజం కాస్త కిందికి ఉండిపోయింది. మా ఊరి దర్జీ కుట్టిన ఏ రైక అయినా ఆ వైపు జారుతూనే ఉండేది. ఇది జారలేదు. మేనత్త నా వీపు మీద కుట్లను ఒక్కొక్కటే తడిమి చూసింది.

బయటికి వచ్చాక అవ్వ దర్జీని అడిగింది, "గీ ఎడమ దిక్కు గిట్లెందుకు కుట్టినవ్?"

"ఆ బిడ్డ భుజం జర కిందికున్నది గదమ్మా" అన్నాడాయన. అని, నా భుజం వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. కుట్టుకూలి ఇవ్వబోతే తీసుకోలేదు. ముందే ఇచ్చారన్నాడు.

తిరుగు ప్రయాణంలో ఖాళీ బండి గతుకులకు ఎగిరెగిరి పడింది. బాపు ధర ఎంత పలికిందో చెబుతున్నాడు. ఎవరూ వినడం లేదు. అవ్వ మూటను నా ఒళ్లోంచి తీసి తన అవతలి పక్కన పెట్టుకుంది. నాకూ చీరకూ మధ్య తను ఉంది, దారి పొడుగునా.

ఇంటికి వచ్చాక దాన్ని వేపాకు వేసి, పసుపునీళ్లు చల్లి, ఉట్టి మీద పెట్టింది. పెళ్లి దాకా రోజూ పొద్దున లేవగానే నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేది. నాకు జ్వరం రాలేదు. కానీ నేనూ ఎదురుచూశాను, అబద్ధమెందుకు. రోజూ లేవగానే ముందు నా ఒళ్లు నేను తడుముకునేదాన్ని.

మాఘంలో మా ఇంటి ముందు పందిరి కింద పెళ్లయింది. తలంబ్రాల వేళకు ఎండ నెత్తిమీదికి వచ్చింది. బియ్యం గింజలు కళ్ల మీద పడుతుంటే రెప్పల సందుల్లోంచి చూశాను. పందిరి గుంజ దగ్గర ఒకామె నిలబడి ఉంది. బక్కగా, పొడుగ్గా, ముతక చీరలో. అందరూ పెళ్లికొడుకును చూస్తుంటే ఆమె నన్ను చూస్తోంది. ఏడవటం లేదు, నవ్వటం లేదు. అక్షింతలు వేసే వేళ వరుసలో వచ్చింది. నా తల మీద గింజలు వేసి, వంగి, నా చీర అంచును రెండు వేళ్ల మధ్య పట్టుకొని సరిచేసింది.

"కుచ్చిళ్లు మంచిగ పడ్డయ్ బిడ్డా" అంది, వినీ వినిపించకుండా.

ఆమె అన్నం తినకుండా పోయింది. తరువాత అవ్వ అడిగితే, మగపెళ్లివాళ్లు ఆమె మా తరపు మనిషి అనుకున్నామన్నారు. మావాళ్లంతా వాళ్ల మనిషి అనుకున్నారు. ఆడదిక్కు లేని ఇంటికి ఆడమనిషి ఎక్కడి నుంచి వచ్చిందని మేనత్త అడిగింది.

ఆషాఢానికి నన్ను పుట్టింటికి తీసుకొచ్చారు. కొత్త పెళ్లికూతుర్ని కదా, బజారుకు పోతే ఉన్నవాటిలో మంచి చీర కట్టుకోవాలి. నాకున్న మంచి చీర అదొక్కటే. వానలు కాస్త తెరపిచ్చిన రోజున విత్తనాల కోసం బాపు బండి కట్టాడు. అవ్వ, నేను కూడా పోయాం. భైంసా సంతలో గాజుల దుకాణం దగ్గర నా మణికట్టు మీద ఎవరిదో చెయ్యి పడింది. పందిరి కింద చూసిన ఆమె.

అవ్వ ఒక్క అంగలో మా మధ్యకు వచ్చింది. "ఎవలు నువ్వు? మా పిల్లతోని నీకేం పని?"

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. అక్కడే, గాజులవాడి పక్కన, చెప్పింది. ఆ చీర ఎంచుకున్న పిల్ల తన బిడ్డ. చీర చూసి ఇంటికి పోయిన రోజు నుంచే మంచం పట్టింది. వారం తిరగక ముందే పోయింది. చాలా రోజుల తరువాత, చీరను ఒక్కసారి చూసి పోదామని దుకాణానికి వచ్చింది. దుకాణదారు మా సంగతి చెప్పాడు. అడిగి అడిగి ఊరు, ముహూర్తం కనుక్కొని, పెళ్లి నాటికి నడిచి వచ్చింది.

"చూసి పోదామనే వచ్చిన చెల్లే. నా మనసుల ఇంకేం లేకుండె" అంది అవ్వతో. "కని ఇంట్ల మా అత్త ఉన్నది. కండ్లు కనపడయ్. పిల్ల సంగతి ఆమెకు చెప్పలే. చెప్తే పానం పోతదని, పెండ్లి చేసి పంపినమని చెప్పినం. ఇప్పుడు ఆషాఢం వచ్చింది గద. కొత్త పిల్ల పుట్టింటికి ఎందుకు రాలేదని దినాం అడుగుతున్నది. అన్నం ముడుతలేదు. జర ఒక్కసారి వచ్చి పోతే..."

అవ్వ తల అడ్డంగా ఊపింది. ఊపుతూనే నా వైపు చూసింది. నేను ఆ తల్లి కాళ్లకు అంటిన వాగు బురద వైపు చూస్తూ ఉన్నాను. చివరికి అవ్వే అంది, "పొద్దు గూకక ముందే తిరిగి రావాలె."

వాగు అవతలే వాళ్ల పల్లె. మేం వీధిలోకి రాగానే ఆడుకుంటున్న పిల్లలు ఆగిపోయారు. ఒక ఇంటి ముందు చాట పట్టుకున్న ఆడమనిషి చాటలోవన్నీ నేల మీద ఒంపేసింది. ఎవరూ పలకరించలేదు. అందరికీ తెలిసిన మనిషిని చూసినట్టు చూశారు, అందుకే పలకరించలేదు. అవ్వ నా కొంగును పిడికిట్లో పట్టుకొని నడిచింది.

ఇంట్లో నులక మంచం మీద ముసలామె గోడకు ఆనుకొని ఉంది. ఆమె కళ్లు తెల్లగా, మా వైపే తెరుచుకొని ఉన్నాయి. ఆ తల్లి నా చెవిలో "మా పిల్ల ఈమెను బాపమ్మా అనేది" అని గొణిగింది.

"బాపమ్మా" అన్నాను.

ముసలామె తల ఎత్తింది. "గొంతు మారింది."

"జరం వచ్చి పోయింది గద, అందుకే" అంది ఆ తల్లి.

"దగ్గరికి రా."

పోయి మంచం పట్టె మీద కూర్చున్నాను. చల్లని వేళ్లు నా ముఖం మీద పాకాయి. నుదురు, ముక్కు, చెవి తమ్మెలు. అక్కడి నుంచి మెడ మీదుగా భుజాల మీదికి దిగాయి. ఎడమ భుజం మీద ఆగాయి. అక్కడ ఒకసారి తట్టి, ముసలామె పెద్ద ఊపిరి వదిలింది.

"నువ్వే" అంది.

నేను కాదని చెప్పడానికి ఆ ఇంట్లో నా దగ్గర ఏ ఆధారమూ లేదనిపించింది. గుమ్మంలో నిలబడ్డ అవ్వను చూశాను. అవ్వ పెదవులు కొరుక్కుంటూ నన్నే చూస్తోంది, రెప్ప వేస్తే నేను మాయమైపోతానన్నట్టు.

"అత్తగారింట్ల మంచిగ చూస్కుంటున్నరా?"

"మంచిగనే చూస్కుంటున్నరు బాపమ్మా. అత్త లేదు. మామ మంచోడు." అది నా సంగతే. అబద్ధం చెప్పకుండా చెప్పగలిగింది అంతే.

"ఇదేనా ఆ చీర?" అంచు తడిమింది. "పసుపు రంగుదని మీ అవ్వ చెప్పింది. ఎన్నాళ్లుంటవ్?"

"మల్ల వస్త" అన్నాను.

ఆ రోజు ఆ ముసలామె జొన్నరొట్టె పాలలో నానేసుకొని తిన్నదట. నేను ఉండగానే ఆ తల్లి నన్ను గడప దగ్గర కూర్చోబెట్టి తల దువ్వింది. నూనె రాసి, చిక్కు తీసి, జడ వేసింది. అవ్వ ఎదురుగా కూర్చొని, మరొకామె తన బిడ్డకు జడ వేయడం చూస్తూ ఉంది. ఎండ దిగగానే లేచి నా చెయ్యి పట్టుకుంది.

వానలు పూర్తిగా వెనకబట్టక ముందే ముసలామె పోయిందని కబురొచ్చింది. మళ్లీ వస్తానన్న మాట ఆమె దగ్గర నిలబెట్టుకోలేకపోయాను. కానీ ఆ తల్లి దగ్గరికి మాత్రం పోతూ వచ్చాను. భైంసా పోయినప్పుడల్లా వాగు దాటి ఒక పూట ఉండి వచ్చేదాన్ని. మొదట్లో నా భర్తకు ఇష్టం ఉండేది కాదు. బతికున్న మనిషి చచ్చినామె ఇంట్లో తినొద్దు అనేవాడు. తరువాత తనే దింపి వచ్చేవాడు. వీధిలో వాళ్లు కూడా మెల్లమెల్లగా నన్ను పలకరించడం మొదలుపెట్టారు. ఏ ఊరు, ఎవరి కోడలివి అని అడిగేవాళ్లు. అలా అడిగినప్పుడల్లా నాకు ప్రాణం తేలికపడేది.

ఆ పిల్లకు ఫోటో లేదు. ఆ రోజుల్లో మా పల్లెల్లో ఎవరికి ఉంది? నేను ఎవరిలా ఉన్నానో నాకు ఎన్నటికీ తెలియలేదు. ఇతరుల ముఖాలు మారడం మాత్రమే చూశాను.

పెళ్లయిన కొన్నేళ్లకు నాకు మొదటి కాన్పు అయింది, ఆడపిల్ల. పుట్టింట్లో ఉన్నాను. పురుడు వెళ్లాక వాగు అవతలి ఆ తల్లి పాత చీరలతో కుట్టిన బొంత ఒకటి పట్టుకొని వచ్చింది. ఇంటి ముందు నీడలో అవ్వ, ఆమె ఒకే చాటలో జొన్నలు ఏరుతూ కూర్చున్నారు. నేను గుమ్మం లోపల పడుకొని వింటున్నాను. చాలాసేపు ఇద్దరూ వానల గురించే మాట్లాడారు. ఆ తరువాత అవ్వ, ఇన్నేళ్లూ అడగనిది అడిగింది.

"అక్కా, నిజం చెప్పు. మా పిల్ల అచ్చం మీ పిల్ల లెక్కనే ఉంటదా?"

ఆమె తల తిప్పి గుమ్మంలోంచి నన్ను చూసింది. చాలాసేపు చూసింది.

"మొదట్ల ఉండె" అంది. "ఇప్పుడు లేదు. ఈమె దినదినం మారుకుంట వచ్చింది. ముఖం నిండింది, కండ్ల కింద చార పడ్డది. మా పిల్ల గా వయసుకాన్నే ఆగింది గద."

అవ్వ చాట కింద పెట్టింది. లోపలికి వచ్చి, నా పక్కలోంచి పాపను ఎత్తుకొని పోయి, ఆమె ఒళ్లో పడుకోబెట్టింది.